ఇంజన్, గేర్‌బాక్స్ మార్చిన ఫోర్ వీల్ డ్రైవ్ బండికి క్రౌన్ పినియన్ రేషియో ఎలా ఎంచుకోవాలి?

పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపుకో, పికప్‌కో వేరే ఇంజన్, ఐదు గేర్ల గేర్‌బాక్స్ వేయించుకున్నవారు తరువాత నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "హౌసింగ్‌లో ఏ క్రౌన్ పినియన్ వేయమంటారు?" హౌసింగ్ అంటే ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె, క్రౌన్ పినియన్ అంటే అందులో షాఫ్ట్ తిప్పుడును చక్రాలకు అందించే పెద్ద, చిన్న గేర్ల జత. విశాఖపట్నంలో ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. ఒకే బండి ఉదయం పదహారో నంబరు జాతీయ రహదారి మీద అనకాపల్లి వైపు లారీల మధ్య పరుగెత్తాలి, మధ్యాహ్నానికి సామానుతో శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కాలి. మరొకరి బండికి సరిపోయిన రేషియో మీ బండికి సరిపోతుందన్న నమ్మకం లేదు. అందువల్ల సంఖ్య చెప్పకుండా, ఆ సంఖ్యను మీరే తేల్చుకునే పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. రేషియో సంఖ్య పెరిగేకొద్దీ లాగుడు పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. దుకాణంలో "హై రేషియో", "లో రేషియో" అన్న మాటలను ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడుతారు కాబట్టి వాటిని నమ్ముకోకండి. 8/43, 8/39, 11/47, 11/41 అని పళ్ళ లెక్కతోనే అడగండి. క్రౌన్ పళ్ళను పినియన్ పళ్ళతో భాగిస్తే రేషియో వస్తుంది. 8/43 అంటే 5.38, 8/39 అంటే 4.88, 11/47 అంటే 4.27, 11/41 అంటే 3.73.

కావలసినవి

సుద్దముక్క, కొలత టేపు, రెండు జాకీలు, బలమైన స్టాండ్లు, చక్రాల కింద పెట్టడానికి చెక్క దిమ్మెలు, కాలిక్యులేటర్, మీ గేర్‌బాక్స్‌, ట్రాన్స్‌ఫర్ కేసుల (ఇంజన్ శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) రేషియో వివరాలు, ఇంజన్ ఏ ఆర్‌పీఎం దగ్గర ఎక్కువ టార్క్ (తిప్పే బలం) ఇస్తుందో తెలిపే మాన్యువల్ పేజీ సిద్ధం చేసుకోండి. బిగింపు దశకు డయల్ గేజి, టార్క్ రెంచి, పళ్ళకు పూసే నీలిరంగు పేస్టు అవసరమవుతాయి. ఇవి మీ దగ్గర లేకపోయినా మెకానిక్ దగ్గర ఉన్నాయో లేదో బండి ఇవ్వకముందే చూసుకోండి. డయల్ గేజి లేకుండా "చేతి అంచనాతో బిగిస్తాం" అనేవారికి ఈ పని అప్పగించవద్దు.

1. ముందు టైరును ఖాయం చేసుకోండి

రేషియో ఎంచుకున్న తరువాత పెద్ద టైర్లు వేసుకుందామని అనుకుంటే లెక్క మొత్తం మొదటికొస్తుంది. అందువల్ల రాబోయే నాలుగైదేళ్ళు ఏ సైజు వాడబోతున్నారో ముందే నిర్ణయించుకోండి. టైరు మీద రాసిన సైజు నుంచి వ్యాసం లెక్కకట్టవచ్చు గానీ, బరువుకు టైరు కొంత అణిగిపోతుంది కాబట్టి కొలిచిన సంఖ్యే నమ్మదగినది. సరిపడా గాలి పెట్టి, మామూలుగా మోసే బరువుతో బండిని చదునైన నేల మీద నిలిపి, టైరుకూ నేలకూ సుద్దతో ఒకేచోట గీత పెట్టండి. చక్రం సరిగ్గా మూడు చుట్లు తిరిగేదాకా బండిని నెట్టి, నేల మీది దూరాన్ని కొలిచి మూడుతో భాగించండి. 235/75 ఆర్ 15 టైరు లెక్క ప్రకారం దాదాపు 2.30 మీటర్లు రావాలి, బరువు మీద కొలిస్తే 2.24 మీటర్లకు దగ్గరగా వస్తుంది. కింది లెక్కలన్నీ ఈ 2.24తోనే చేశాను.

2. రెండు హౌసింగుల్లో ఇప్పుడు ఏముందో లెక్కపెట్టండి

ఇది అందరూ వదిలేసే పని, అందరికీ నష్టం తెచ్చేదీ ఇదే. విల్లీస్ యుద్ధకాలపు ఎంబీ జీపులో 4.88, ఆ తరువాత పౌరుల కోసం వచ్చిన సీజే-2ఏ లో 5.38 ఉండేవి. ఆ వంశపు బండ్లు దశాబ్దాలపాటు చేతులు మారి, హౌసింగులు ఒక దాని నుంచి మరొక దానికి వెళ్ళిన తరువాత, ఆర్‌సీలో ఉన్న మోడల్ పేరును బట్టి లోపల ఏముందో చెప్పలేము.

వెనక ఒక చక్రాన్ని మాత్రమే పైకెత్తి, బండిని న్యూట్రల్‌లో ఉంచి, మిగిలిన చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టండి. ఎత్తిన చక్రాన్ని రెండు పూర్తి చుట్లు తిప్పితే ప్రొపెల్లర్ షాఫ్ట్ (హౌసింగ్‌కు తిప్పుడు తెచ్చే పొడవాటి కడ్డీ) ఎన్ని చుట్లు తిరిగిందో అదే మీ రేషియో. ఒక చక్రం నేల మీద ఆగి ఉన్నప్పుడు మామూలు డిఫరెన్షియల్‌లో రెండో చక్రం రెండింతలు తిరుగుతుంది కాబట్టి రెండు చుట్లు అంటున్నాను. రెండు చుట్లతో 4.88కీ 4.56కీ తేడా కంటికి సరిగా ఆనదు. అందువల్ల చక్రాన్ని ఇరవై చుట్లు తిప్పి, షాఫ్ట్ చుట్లను లెక్కపెట్టి పదితో భాగించండి. దాదాపు 48 ముప్పావు చుట్లు వస్తే 4.88, 53 ముప్పావు వస్తే 5.38. లాకర్ గానీ లిమిటెడ్ స్లిప్ గానీ (రెండు చక్రాలనూ కలిపి తిప్పే ఏర్పాట్లు) ఉంటే రెండు చక్రాలనూ ఎత్తి పది చుట్లు తిప్పండి. ముందు హౌసింగ్‌కు కూడా, హబ్ లాక్‌లు (ముందు చక్రాలను ఇరుసుతో కలిపే లాక్‌లు) వేసి, ఇదే విధంగా చేయండి.

కొన్నేళ్ళ క్రితం నేను కొన్న ఒక పాత ముందు హౌసింగ్ మీద తెల్ల పెయింటుతో 8/39 అని రాసి ఉంది. వెనక కూడా అదే కాబట్టి తెరిచి చూడకుండా బిగించాను. తడి నేలలో, ఇసుకలో ఏ ఇబ్బందీ కనబడలేదు, చక్రాలు జారడం వల్ల తేడా సర్దుకుపోయింది. ఒక రోజు ఫోర్ వీల్ లివర్ తీయకుండానే ఎండిన తారు రోడ్డు ఎక్కాను. అర కిలోమీటరు లోపే స్టీరింగ్ బిగుసుకుంది, ముందు టైర్లు కీచుమన్నాయి, లివర్ ఎంత లాగినా బయటికి రాలేదు. చివరికి ఒక వైపు చక్రాన్ని జాకీతో ఎత్తిన తరువాతే బిగువు వదిలి లివర్ కదిలింది. విప్పి చూస్తే ముందు హౌసింగ్‌లో 8/43 ఉంది, ట్రాన్స్‌ఫర్ కేసులో ఒక గేరు అంచు చిట్లిపోయింది. సుద్దముక్కతో పావుగంట వెచ్చించి ఉంటే ఆ కేసును విప్పవలసిన పని ఉండేది కాదు. ముందు, వెనక రేషియోల మధ్య తేడా ఒక శాతం లోపు ఉంటే చెల్లుతుంది, పది శాతం ఎప్పటికీ చెల్లదు.

3. గేర్‌బాక్స్ సంఖ్యలు రాసుకోండి

ప్రతి గేరు రేషియో, ట్రాన్స్‌ఫర్ కేసు హై, లో రేషియోలు కావాలి. ఒకే పేరు మీద వచ్చిన గేర్‌బాక్స్‌లకు కూడా వేర్వేరు రేషియోలు ఉంటాయి కాబట్టి అనుమానం ఉంటే ఇన్‌పుట్ షాఫ్ట్, ఔట్‌పుట్ షాఫ్ట్ చుట్లను కూడా సుద్దతోనే లెక్కపెట్టండి. ఈ వ్యాసంలో ఉదాహరణకు తీసుకున్న బండి వివరాలు ఇవి: మొదటి గేరు 3.8, రెండు 2.2, మూడు 1.4, నాలుగు 1.0, ఐదు 0.83, ట్రాన్స్‌ఫర్ కేసు హై 1.0, లో 2.46. ఇంజన్ 1500 నుంచి 2000 ఆర్‌పీఎం మధ్య 17 కేజీఎం (కిలోగ్రామ్-మీటరు) టార్క్ ఇచ్చే డీజిల్, 3200 దాటించకూడదు. సామానుతో కలిపి బరువు రెండు టన్నులు.

4. రోడ్డు వేగం నుంచి లెక్క మొదలుపెట్టండి

మీరు రోజూ నడిపే వేగాన్ని తీసుకోండి, గొప్పకు చెప్పుకునే వేగాన్ని కాదు. గంటకు కిలోమీటర్లలో ఉన్న వేగాన్ని 1000తో గుణించి, 60తో భాగించి, టైరు చుట్టుకొలతతో మళ్ళీ భాగిస్తే చక్రం నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. దానిని హౌసింగ్ రేషియోతోనూ, టాప్ గేరు రేషియోతోనూ గుణిస్తే ఇంజన్ ఆర్‌పీఎం వస్తుంది.

80 కిలోమీటర్ల వేగంలో మన ఉదాహరణ బండి చక్రం నిమిషానికి 595 చుట్లు తిరుగుతుంది. పాత నాలుగు గేర్ల పద్ధతిలో, అంటే టాప్ గేరు 1.0 ఉండి 5.38 హౌసింగ్ ఉంటే, ఇంజన్ 3200 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది. ఆ బండి రహదారి మీద ఎందుకు అంత రొద చేస్తుందో ఈ ఒక్క సంఖ్య చెబుతుంది. 0.83 ఐదో గేరుతో 5.38కి 2660, 4.88కి 2410, 4.27కి 2110, 3.73కి 1840 వస్తాయి. టార్క్ ఎక్కువగా ఇచ్చే పరిధికి కొంచెం పైన, గరిష్ఠ ఆర్‌పీఎంలో మూడింట రెండు వంతులకు కొంచెం అటూ ఇటూగా ఇంజన్ తిరగడం డీజిల్‌కు సుఖం. ఆ లెక్కన 4.88, 4.27 నిలుస్తాయి. 3.73 చూడడానికి ఆకర్షణీయంగా ఉన్నా, చిన్న ఎత్తు వచ్చినా, ఎదురుగాలి తగిలినా నాలుగో గేరుకు దిగవలసి వస్తుంది, ఐదో గేరు అలంకారంగా మిగిలిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఐదో గేరు వచ్చింది కదా, పాత 5.38 అలాగే ఉంచుదామనుకునేవారు ప్రొపెల్లర్ షాఫ్ట్ సంగతి మరచిపోతారు. ఐదో గేరు ఇంజన్ వేగాన్ని తగ్గిస్తుందే గానీ షాఫ్ట్ వేగాన్ని తగ్గించదు. 100 కిలోమీటర్ల వేగంలో 5.38 హౌసింగ్ ఉంటే షాఫ్ట్ నిమిషానికి 4000 చుట్లు తిరుగుతుంది, 4.27 ఉంటే దాదాపు 3180. గేర్‌బాక్స్ మార్చినప్పుడు షాఫ్ట్‌ను కోసి మళ్ళీ వెల్డింగ్ చేయించి ఉంటే, బ్యాలెన్స్ చేయించకపోతే, ఆ 4000 దగ్గర నేల రేకు మొత్తం అదురుతుంది, యూనివర్సల్ జాయింట్లు త్వరగా పోతాయి.

5. అదే రేషియోను ఘాటు మీద పరీక్షించండి

100 మీటర్లకు 10 మీటర్లు లేచే ఎత్తును ప్రమాణంగా తీసుకోండి. ఘాటు రోడ్డు పొడవునా ఇంత ఎత్తు ఉండదు గానీ, మలుపు లోపలి అంచున, ఊళ్ళలోకి తిరిగే దారుల్లో ఉంటుంది, బండి ఆగేదీ అక్కడే. రెండు టన్నుల బండి ఆ ఎత్తులో ఎక్కాలంటే, టైర్ల రాపిడితో కలిపి సుమారు 230 కిలోల లాగుడు కావాలి. మన టైరుకు అది చక్రాల దగ్గర 82 కేజీఎం టార్క్. గేర్లలో పదో వంతు నష్టమవుతుందనుకుంటే, మూడో గేరులో ఇంజన్ ఇవ్వవలసిన టార్క్ 4.27కి 15.2 కేజీఎం, 4.88కి 13.3, 5.38కి 12.1.

ఇంజన్ గరిష్ఠంగా ఇచ్చేది 17 కాబట్టి మూడూ ఎక్కుతాయని కాగితం చెబుతుంది. ఆర్‌పీఎంను కూడా చూడండి. మలుపుల మధ్య మామూలుగా వచ్చే 30 కిలోమీటర్ల వేగంలో మూడో గేరుకు 4.27తో ఇంజన్ 1330 దగ్గర ఉంటుంది, 4.88తో 1520. మొదటిది టార్క్ పరిధికి కింద ఉంది, అంటే 17 అక్కడ దొరకదు, ఇంజన్ ఈడుస్తుంది, నల్లపొగ వస్తుంది, మీరు రెండో గేరుకు దిగితే 2100కు ఎగురుతుంది. అనంతగిరి నుంచి గాలికొండ దాకా ప్రతి మలుపులోనూ రెండు, మూడు, మళ్ళీ రెండు అని మార్చుకుంటూ వెళ్ళాలి. రెండో సందర్భంలో మూడో గేరులోనే బండి మలుపు దాటుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వారానికి ఒక్కసారైనా సామానుతో అరకు వైపో, పాడేరు వైపో, లంబసింగి వైపో వెళ్ళే ఈ బండికి 4.88 వేయండి. నెలల తరబడి రహదారి మీదే తిరిగి, ఎప్పుడో ఒకసారి ఘాటు ఎక్కేవారు 4.27 వేసుకుని రెండో గేరును వాడుకోండి. రెండింటి మధ్య సందేహం మిగిలితే పెద్ద సంఖ్య వైపే మొగ్గండి, ఎందుకంటే 80 దగ్గర మూడు వందల ఆర్‌పీఎం ఎక్కువైతే కొంచెం శబ్దం పెరుగుతుందంతే, ఘాటులో తక్కువైతే క్లచ్ ప్లేటు పోతుంది.

6. లో గేరు సరిపోతుందా?

మొదటి గేరు, ట్రాన్స్‌ఫర్ లో, హౌసింగ్ మూడింటినీ గుణించండి. పాత మూడు గేర్ల గేర్‌బాక్స్‌లో 2.8 × 2.46 × 5.38 అంటే 37 ఉండేది. కొత్త గేర్‌బాక్స్‌తో 3.8 × 2.46 × 4.27 చేస్తే 40 వస్తుంది, 4.88తో 45.6 వస్తుంది. అంటే హౌసింగ్‌లో తగ్గించుకున్నది మొదటి గేరులో తిరిగి వచ్చింది, "5.38 తీసేస్తే కొండదారిలో లాగదు" అన్న భయానికి ఇక్కడ ఆధారం లేదు. 750 ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో 45.6తో బండి గంటకు 2.2 కిలోమీటర్లు నడుస్తుంది, మనిషి పక్కన నెమ్మదిగా నడిచేంత. మా కొండల్లోని రాళ్ళ దారులకు 40 నుంచి 50 మధ్య చాలు.

7. కొనేముందు

ముందు, వెనక రెండింటికీ ఒకే రేషియో దొరుకుతుందో లేదో ఆటోనగర్‌లో విచారించి, రెండూ చేతికి వచ్చిన తరువాతే బండి విప్పండి. వెనకది దొరికి ముందుది దొరకక నెలల తరబడి టూ వీల్‌లో తిరిగే బండ్లు ఉన్నాయి. క్రౌన్, పినియన్ ఒకదానికొకటి జతగా తయారైనవి, రెండింటి మీదా ఒకే జత నంబరు చెక్కి ఉంటుంది. నంబర్లు కలవకపోతే ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకండి. కొన్ని హౌసింగుల్లో, డానా 44 వాటిలో ఒకటి, 3.73 దాకా ఒక కేరియర్ (క్రౌన్‌ను మోసే భాగం), 3.92 నుంచి పైకి మరొక కేరియర్ కావాలి. పాత కేరియర్‌కు కొత్త క్రౌన్ పట్టకపోతే చేత్తో సర్ది బిగిస్తామని ఎవరన్నా ఒప్పుకోకండి. పళ్ళు తక్కువ ఉన్న పినియన్ సన్నగా ఉంటుంది కాబట్టి, బలమైన ఇంజన్ వేసినవారికి 8 పళ్ళ పినియన్ కన్నా 11 పళ్ళది ఎక్కువ కాలం నిలుస్తుంది. అయిదో దశలో చెప్పిన మొగ్గుకు ఇదొక్కటే మినహాయింపు.

ప్రత్యామ్నాయం కూడా ఉంది. కావలసిన రేషియో ఉన్న రెండు హౌసింగులను ఒకే స్క్రాప్ బండి నుంచి తీసుకుంటే సెట్టింగ్ పని తప్పుతుంది. అప్పుడు కూడా రెండో దశలోని సుద్ద లెక్క తప్పదు.

ఇంజన్ మార్పు విషయం ఆర్‌సీలో నమోదు కాకపోతే మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం చిక్కు వస్తుంది, ప్రమాదం జరిగితే బీమా దగ్గర ఇంకా పెద్ద చిక్కు. రవాణా శాఖ అనుమతి పని రేషియో కన్నా ముందు ముగించుకోండి.

8. బిగింపు వద్ద నిలబడి చూడవలసినవి

పినియన్ బేరింగులు, సైడ్ బేరింగులు, సీలు, పినియన్ నట్టు కొత్తవి వేయించండి. క్రౌన్ బోల్టులు టార్క్ రెంచితో, థ్రెడ్ లాకర్ పూసి బిగించాలి. క్రౌన్‌కూ పినియన్‌కూ మధ్య ఆట (వదులు) మాన్యువల్‌లో ఉన్నంతే ఉండాలి. ఈ తరహా హౌసింగులకు అది సాధారణంగా 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్లు, క్రౌన్ చుట్టూ మూడు నాలుగు చోట్ల కొలవాలి.

తరువాత పళ్ళకు నీలిరంగు పూయించి, చక్రాలకు బ్రేకు అద్దినట్టు కొంచెం బిగువు ఇచ్చి, షాఫ్ట్‌ను రెండు వైపులా తిప్పించండి. పళ్ళ మీద రంగు చెరిగి మెరిసే మచ్చను టార్చి వేసి దగ్గరగా చూడండి. ఆ మచ్చ పంటి ఎత్తులో నడిమధ్య, గుండ్రటి అంచులతో, వేలి గోరంత పొడవున ఉండాలి. పంటి మొదట్లోకి దిగిపోయి సన్నని గీతలా ఉంటే పినియన్ లోపలికి ఎక్కువ వెళ్ళింది, సన్నని షిమ్ము (సందు సర్దే పలుచని రేకు) వేసి వెనక్కు తేవాలి. పంటి కొన మీద ఉంటే మందపు షిమ్ముతో పినియన్‌ను లోపలికి పంపాలి. షిమ్ము మార్చిన ప్రతిసారీ ఆట మళ్ళీ కొలవాలి. మధ్యాహ్నం మొదలైన పని సాయంత్రానికి ముగియలేదని మెకానిక్‌ను తొందరపెట్టకండి, మచ్చ మధ్యకు రావడానికి నాలుగైదుసార్లు విప్పడం మామూలే.

హౌసింగ్‌లో జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 ఆయిల్ పోయండి. అదే డబ్బాలో మిగిలింది గేర్‌బాక్స్‌లో పోసేయడం సర్వసాధారణమైన తప్పు. ఇత్తడి సింక్రో రింగులున్న గేర్‌బాక్స్‌కు జీఎల్-4 కావాలి.

9. నడిపి సరిచూసుకోవడం

మొదటిసారి సామాను లేకుండా బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా నెమ్మదిగా వెళ్ళండి. ఆ దూరం, ఆ చదును ఇందుకు సరిగ్గా సరిపోతాయి. అక్కడ బండి ఆపి అరగంట చల్లారనివ్వండి. హౌసింగ్ వేడెక్కడం సహజం. దాని మీద నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోయిందంటే మాత్రం బేరింగ్ మరీ బిగువుగా ఉందని అర్థం, ఆ బండిని తిరిగి నడుపుకుంటూ రాకండి. మొదటి 800 కిలోమీటర్లు బరువు లాగించకుండా నడిపి, ఆయిల్ మార్చి, పాత ఆయిల్‌ను అయస్కాంతంతో తడమండి. మెత్తని బూడిదరంగు ముద్ద ఫర్వాలేదు, చేతికి గుచ్చుకునే తునకలు కనబడితే మూత విప్పవలసిందే.

శబ్దాన్ని కూడా వినండి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు మాత్రమే ఏడుపులాంటి శబ్దం వస్తే పళ్ళ ఒక వైపు, వదిలినప్పుడు మాత్రమే వస్తే రెండో వైపు సరిగా కూర్చోలేదు. రెండు వేళలా గరగరమంటే బేరింగ్‌ను అనుమానించండి.

స్పీడోమీటర్ కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర నుంచి వస్తుంది కాబట్టి 5.38 నుంచి 4.27కి మారిన బండిలో ముల్లు 60 చూపిస్తున్నప్పుడు నిజమైన వేగం 75 దాటి ఉంటుంది. ఫోనులో జీపీఎస్ పెట్టుకుని పక్క సీట్లోని మనిషి చేత 40, 60, 80 దగ్గర సరిచూయించండి. డ్రైవ్ గేరు మార్పించేదాకా ఆ తేడాను కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డుకు అంటించండి. జీపీఎస్ 80 చూపినప్పుడు టాకోమీటర్ మీ లెక్కకు 50 ఆర్‌పీఎం అటూ ఇటూగా ఉంటే లెక్క సరైనదే. వంద దాటి తేడా ఉంటే టైరు చుట్టుకొలత మళ్ళీ కొలవండి, తొంభై పాళ్ళు తప్పు అక్కడే ఉంటుంది.

ఘాటు పరీక్షకు ముందు సింహాచలం కొండ రోడ్డును సామానుతో ఎక్కి దిగండి. దిగేటప్పుడు మూడో గేరులో ఇంజన్ బండిని ఎంత పట్టి ఉంచుతోందో గమనించండి, బ్రేకు మీద కాలు తీయలేకపోతే రెండో గేరుకు మారి చూడండి. ఆ తరువాతే అనంతగిరి వెళ్ళండి.

చివరగా, ఒక చిన్న ఇత్తడి రేకు మీద పళ్ళ లెక్క, తేదీ, వాడిన షిమ్ముల మందం, ఆయిల్ రకం సుత్తి, ఉలితో చెక్కించి, ముందు హౌసింగ్ మూత బోల్టు కింద ఒకటి, వెనక దాని కింద ఒకటి బిగించండి. పెయింటుతో మాత్రం రాయకండి.